బడిపంతులూ, రాక్షసిబల్లి గుడ్లూ

1956వ సంవత్సరం. ఇంగ్లండు నడిబొడ్డున, లెస్టర్ నగరానికి చేరువలో చార్న్‌వుడ్ అనే అడవి ప్రాంతం ఉన్నది. టీనా నెగస్ అనే పదిహేనేళ్ల విద్యార్థిని అక్కడి ఒక పాత రాతిగని గోడ మీద విచిత్రమైన అచ్చు నొకదానిని చూసింది. అది ఫెర్న్ మొక్క రెమ్మను పోలి ఉన్నది. అయితే రెమ్మకు ఉండవలసిన నడిమి ఈనె దానికి లేదు. రాళ్లను గురించి పుస్తకాలు చదివే అలవాటున్న ఆ బాలికకు, ఆ ప్రాంతపు శిలలు కేంబ్రియన్ యుగానికి పూర్వపువని తెలుసు. అంతటి పురాతన శిలలలో కంటికి కనిపించే జీవుల ఆనవాళ్లు ఉండవని ఆనాటి పాఠ్యగ్రంథాలు చెబుతుండేవి. తిరిగి వచ్చిన తరువాత ఆమె ఈ వింతను బడిలో భూగోళం బోధించే టీచరుకు చెప్పింది. ఆ కాలపు రాళ్లలో శిలాజాలు ఉండవని టీచరు బదులు చెప్పారు. నేను చూశానే అని బాలిక పట్టుపట్టింది. అయితే అవి అంత పాత రాళ్లు కావన్నమాట, అన్నారు టీచరు. సంభాషణ అంతటితో ముగిసింది.

మరుసటి సంవత్సరం అదే గనిలో రాళ్లెక్కడానికి వెళ్లిన రోజర్ మేసన్ అనే విద్యార్థి అదే అచ్చును చూశాడు. దాని మీద కాగితం పరచి, పెన్సిలుతో రుద్ది, నకలు తీసుకొని ఇంటికి వెళ్లాడు. అతని తండ్రికి లెస్టర్ విశ్వవిద్యాలయంలోని భూగర్భ శాస్త్రజ్ఞుడు ట్రెవర్ ఫోర్డ్‌తో పరిచయం ఉన్నది. ఫోర్డ్ మొదట నమ్మలేదు. కాని స్వయంగా వచ్చి చూశాడు. 1958లో ఆ శిలాజానికి 'చార్నియా మసోనీ' అని నామకరణం జరిగింది. అది సుమారు 56 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రపు అడుగున జీవించిన ప్రాణి. అంతకు పూర్వం జీవం లేదనుకున్న యుగంలో పెద్ద జీవులు ఉండేవని ఆ రాయి ఋజువు చేసింది. తన పేరు పెట్టుకున్న ఆ ప్రాణిని తనకంటె ముందుగా చూసినది ఒక బాలిక అని మేసన్ తరువాతి కాలంలో అంగీకరించాడు.

ఆ టీచరును నిందించడం తేలిక. కాని ఆ టీచరు తప్పు చెప్పలేదు. పుస్తకంలో ఉన్నదే చెప్పారు. సందేహం కలిగినప్పుడు అడగడానికి ఆ బడికి మరో మనిషి లేడు. మేసన్ ఇంటినుంచి విశ్వవిద్యాలయానికి ఒక దారి ఉన్నది, నెగస్ చదివిన బడినుంచి లేదు. ఇద్దరి కథలకూ నడుమనున్న తేడా అంతే.

ఈ దారి సంగతి మన దేశంలోనూ ఆలోచించదగినదే. పురాజీవ శాస్త్రజ్ఞులు మనకు కొద్దిమందే ఉన్నారు. వారు విశ్వవిద్యాలయాలలోనో, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థలోనో, భూగర్భ సర్వేక్షణ శాఖలోనో ఉంటారు. ఏడాదిలో ఏ రెండు మూడు వారాలో క్షేత్రానికి వస్తారు. ఒక వర్షాకాలంలో వాగు గట్టు కోసుకుపోయి ఎముక బయటపడితే, వారు వచ్చే చలికాలం వరకు అది ఉండవచ్చు, పశువుల కాళ్లకింద పొడి అయిపోనూవచ్చు. బడిపంతులు మాత్రం అక్కడే ఉంటాడు. ఏ పిల్లవాడి పొలం ఏ గట్టున ఉన్నదో, ఏ వాగులో నీళ్లు ఎప్పుడు ఎండుతవో అతనికి తెలుసు. తెలియనిదల్లా, ఆ రాయి ఏమిటన్నది.

ఈ రెండు తెలివిడులూ ఒకచోట కలిస్తే ఏమి జరుగుతుందో మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో చూడవచ్చు.

ధార్ జిల్లా పేరు చెబితే చాలామందికి మాండూ కోటలూ, బాఘ్ గుహల వర్ణచిత్రాలూ గుర్తుకు వస్తాయి. నర్మదా లోయకు చెందిన ఆ బాఘ్, కుక్షి ప్రాంతాలలోని సున్నపురాతి పొరలు మాత్రం గుహలకంటె ఎంతో ముందుకాలపు సంగతులు చెబుతాయి. ఒకప్పుడు సముద్రపు పాయ ఒకటి ఇంతవరకు చొచ్చుకొని వచ్చింది. అందుకే నేడు సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఆ రాళ్లలో సముద్రజీవుల గుల్లలు దొరుకుతాయి. సముద్రం వెనుకకు తగ్గిన తరువాత ఆ నేలమీద టైటనోసార్ జాతి రాక్షసిబల్లులు తిరిగాయి. ఆ తరువాత దక్కను లావా ప్రవాహాలు వాటన్నింటినీ కప్పివేశాయి.

ఈ జిల్లాలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించే విశాల్ వర్మ, వృత్తిచేత శిలాజాలతో ఏ సంబంధమూ లేనివాడు. సెలవు దినాలలో కొండలూ వాగులూ తిరగడం ఆయనకు వ్యసనం. తనవంటి ఉత్సాహవంతులతో కలిసి 'మంగళ్ పంచాయతన్ పరిషత్' అనే బృందాన్ని నడిపాడు. 2007లో ఈ బృందం కుక్షి, బాఘ్ ప్రాంతంలో నూరుకు పైగా రాక్షసిబల్లి గుడ్లను కనుగొన్నదన్న వార్త దేశమంతటా పొక్కింది. ఇటువంటి వార్తలు సాధారణంగా ఒక వారం మెరిసి మాయమవుతాయి. కాని ఇక్కడ అసలు కథ ఆ తరువాతనే మొదలయింది.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో గుంటుపల్లి ప్రసాద్ అనే ఆచార్యుడు దక్కను లావా పొరల నడుమ దొరికే శిలాజాలను ఎంతో కాలంగా పరిశోధిస్తున్నారు. ఆయనా, ఆయన వద్ద పరిశోధన చేసిన హర్షా ధీమన్, మరికొందరు శాస్త్రజ్ఞులూ వర్మతో కలిసి ధార్ జిల్లా రాళ్లను అడుగడుగునా పరిశీలించారు. 2023 జనవరిలో ఆ ఫలితాలను 'ప్లాస్ వన్' అనే అంతర్జాతీయ పత్రికలో ప్రకటించారు. 92 గూళ్లు, వాటిలో మొత్తం 256 గుడ్లు. ఒక్కొక్క గుడ్డు అడ్డుకొలత 15 నుంచి 17 సెంటీమీటర్లు. ఒక్కొక్క గూటిలో ఒకటి మొదలు ఇరవై వరకు గుడ్లు. పెంకుల నిర్మాణాన్నిబట్టి అవి ఆరు రకాలు.

ఆ వ్యాసం మొదటి పుటలో చిన్న అక్షరాలతో ఉన్న విషయమొకటి ఈ లెక్కలన్నింటికంటె గమనింపదగినది. రచయితల పేర్లకింద వారి వారి సంస్థల చిరునామాలు ఉంటాయి గదా! అక్కడ ఢిల్లీ విశ్వవిద్యాలయం పేరుతో బాటు 'హయ్యర్ సెకండరీ స్కూల్, బాకానేర్, ధార్ జిల్లా' అని కనిపిస్తుంది. దారి చూపిన పాపానికి చివర కృతజ్ఞతల పేరాలో ఒక పంక్తి పడవేయడం పరిపాటి. ఇక్కడ ఉపాధ్యాయుడు సహరచయిత.

గుడ్లు చెప్పిన సంగతులు కూడ బడిపిల్లలకు అందనంత జటిలమైనవి కావు. గూళ్లు ఒకదానికొకటి బాగా దగ్గరగా ఉన్నాయి. అంతటి భారీకాయంగల తల్లి ఆ గూళ్ల నడుమ తిరిగితే పక్క గూటిలోని గుడ్లు నుగ్గునుగ్గు కావలసినదే. కనుక ఈ జంతువులు గుంటలలో గుడ్లు పెట్టి, మట్టి కప్పి, వాటి మానాన వాటిని వదలి వెళ్లేవని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మొసళ్లు గుడ్లను పూడ్చిపెట్టడం మనకు తెలిసినదే. కోళ్లు పొదగడమూ చూసినదే. ఈ రెంటిలో రాక్షసిబల్లి దేనికి దగ్గర అనే ప్రశ్న ఆరవ తరగతిలో వేయదగిన ప్రశ్న.

పాడ్‌ల్యా అనే గ్రామం వద్ద ఈ బృందానికే దొరికిన మరొక గుడ్డు ఈ ప్రశ్నను ఇంకా చిక్కుపరచింది. పది గుడ్లున్న ఒక గూటిలో ఒక గుడ్డుకు ఒక పెంకు లోపల మరొక పెంకు ఉన్నది. గుడ్డులో గుడ్డు! 2022లో ఈ సంగతి ప్రకటితమయింది. కోళ్లను పెంచేవారు ఎప్పుడో ఒకప్పుడు ఇటువంటి దానిని చూసి ఉండవచ్చు. పెంకు గట్టిపడి బయటకు రావలసిన గుడ్డు ఏ కారణంచేతనో వెనుకకు మళ్లి, వెనుకనుంచి వస్తున్న గుడ్డుతో కలిసినప్పుడు, రెంటినీ కలిపి మరొక పెంకు ఏర్పడుతుంది. తాబేళ్లు, బల్లులు మొదలైన సరీసృపాలలో ఇది అంతవరకు కనబడలేదు. అంటే, టైటనోసార్ గర్భంలో గుడ్డు రూపొందే తీరు పక్షుల తీరుకు దగ్గర కావచ్చునన్నమాట. పెరట్లో కోళ్లున్న పల్లెటూరి పిల్లవాడికి ఈ పాఠం చెప్పడానికి బల్లమీద బొమ్మ గీయవలసిన అవసరం కూడ ఉండదు.

అదే పాడ్‌ల్యాలో 2023 డిసెంబరులో మరో వార్త పుట్టింది. అక్కడి కొన్ని కుటుంబాలవారు తరతరాలుగా గుండ్రని రాళ్లను 'కాకర్ భైరవ్' పేర పూజిస్తున్నారు. కాకర్ అంటే పొలం. పొలాన్నీ పశువులనూ కాచే దైవమని వారి నమ్మకం. శాస్త్రజ్ఞులు వచ్చి అవి రాక్షసిబల్లి గుడ్లని తేల్చారు. కొన్ని పత్రికలు దీనిని నవ్వులాటగా వ్రాశాయి. నవ్వవలసినది ఏమున్నది? తెలుగువారి ఇండ్లలో ఎన్నింటిలో దేవుని పీటమీద సాలగ్రామం లేదు? నేపాలులోని గండకీ నదిలో దొరికే ఆ నల్లని రాయి లోపలి చక్రం, నేటి హిమాలయాలున్న చోట ఒకప్పుడున్న సముద్రంలో ఈదిన అమ్మొనైట్ అనే ప్రాణి గుల్ల. పూజలో ఉన్నది గనుకనే ఆ రాయి పగలకుండా మిగిలింది. పాడ్‌ల్యా గుడ్లలో కొన్ని కూడ అట్లాగే మిగిలాయి. ఊరివారి మనసు నొప్పించకుండా ఈ రెండు సంగతులనూ ఒకే పాఠంలో చెప్పగలిగినవాడు ఢిల్లీనుంచి వచ్చిన ఆచార్యుడు కాదు, ఆ ఊరి బడిపంతులే.

అయితే పంతులుకు శాస్త్రజ్ఞుని అవసరం లేదనుకోరాదు. దక్కను ప్రాంతంలో నల్లరాయి ఎండకూ వానకూ ఉల్లిపొరలవలె ఊడి, చివరకు గుండ్రని బంతిగా మిగులుతుంది. అచ్చం గుడ్డే! ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయుడు అటువంటి వాటిని బస్తాలకొద్దీ పోగుచేయవచ్చు. నాపరాళ్లను విడదీసినప్పుడు నడుమ నాచుమొక్కలవంటి నల్లని అందమైన చారలు కనబడతాయి. వాటిని మొక్కల శిలాజాలని భ్రమపడనివారు అరుదు. అవి రాతి సందులలోకి ఇంకిన నీటిలోని మాంగనీసు లవణాలు గీసిన గీతలు మాత్రమే. నిజమైన గుడ్డుకు పెంకు ఉంటుంది. పదింతలు చూపే చేతి భూతద్దంతో చూస్తే, ఆ పెంకు పైభాగాన పొక్కులూ, లోపల గాలి ఆడే సన్నని రంధ్రాలూ కనిపిస్తాయి. ఒకసారి నిజమైన పెంకును చేతికిచ్చి చూపితే పంతులు ఇక జన్మలో పొరబడడు. ఆ చూపించే పని పుస్తకంవల్ల కాదు.

శాస్త్రజ్ఞుడు నేర్పవలసిన మరొక సంగతి, తియ్యకుండా ఉండడం. గుడ్డు దొరికిందని పిల్లలు గడ్డపారతో పెళ్లగించి తెచ్చి బల్లమీద పెడితే, మాస్టరుగారు మెచ్చుకుంటే, తరువాతి ఆదివారం గూడు గూడంతా బడికి చేరుతుంది. అప్పుడు గూళ్లు ఎంత దగ్గరగా ఉన్నాయో, ఏ పొరలో ఉన్నాయో చెప్పగలవారెవరూ ఉండరు. స్థలం తెలియని శిలాజం చిరునామా చెరిగిన ఉత్తరం. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో వెల్లడించిన వ్యవహారం దీనికి సాక్ష్యం. హిమాలయాలలో దొరికాయంటూ సుమారు పాతికేళ్లపాటు ప్రకటితమైన అనేక శిలాజాలు అక్కడివి కావనీ, కొన్ని మొరాకో దేశంలో దొరికే రకానివనీ ఆయన చూపాడు. హిమాలయ భూగర్భ చరిత్రలో ఎన్ని పుటలు నమ్మదగినవో తేల్చుకోవడం ఆ తరువాతివారికి పెద్ద తలనొప్పి అయింది. కాబట్టి బడిపిల్లలు మొదట నేర్చుకోవలసిన పని తీయడం కాదు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, గట్టు పేరూ తేదీ నోటుబుక్కులో వ్రాసి, తిరిగి రావడం.

ఇటువంటి జతపనికి అడ్డంకులు లేకపోలేదు. చోటు చెబితే దొంగల పాలవుతుందని శాస్త్రజ్ఞునికి భయం. ఆ భయం నిరాధారం కాదు. శిలాజాలకు చీకటి బజారులో ధర పలుకుతుంది. నన్ను దారి చూపేవాడిగా వాడుకొని వదిలేస్తారేమోనని పంతులుకు అనుమానం. అదీ నిరాధారం కాదు. పైగా పంతులుకు సిలబస్సు ఉన్నది, పరీక్షలు ఉన్నవి, జనాభా లెక్కలున్నవి, ఎన్నికల డ్యూటీ ఉన్నది. శాస్త్రజ్ఞుడు ఏడాదికొకసారి వచ్చి గంటసేపు లాటిను పేర్లు వల్లించి వెళితే పిల్లలకు ఒరిగేది శూన్యం.

మరి ఏమి చేయవచ్చును? ఖర్చు లేని పనులే చాలా ఉన్నవి. వెయ్యేళ్లకు ఒక మిల్లీమీటరు చొప్పున బడి ఆవరణలో ఒక సుతిలి తాడు పరచండి. సింధులోయ నగరాలు అయిదు మిల్లీమీటర్ల లోపుననే ఉంటాయి, గోటి వెడల్పులో సగం చోటు. రాక్షసిబల్లులు అంతరించిన కాలం, అంటే 6 కోట్ల 60 లక్షల ఏళ్లు, 66 మీటర్ల దూరాన వస్తుంది. చార్నియాను చేరడానికి ఊరి చెరువు దాకా, అరకిలోమీటరు పైగా నడవాలి. కోటి అనే మాటకు అర్థం అప్పుడు కాళ్లకు తెలుస్తుంది. ఇంకొకటి: 1976లో మెక్‌నీల్ అలెగ్జాండర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు, జంతువు తుంటి ఎత్తు దాని పాదం పొడవుకు సుమారు నాలుగింతలుంటుందని లెక్కగట్టి, రాక్షసిబల్లుల అడుగుజాడలనుంచి వాటి నడక వేగాన్ని అంచనా వేశాడు. పిల్లలు తమ పాదాలనే కొలుచుకొని ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో చూసుకోవచ్చు. శాస్త్రజ్ఞుడు అచ్చులో పోసిన ప్లాస్టరు నకలు ఒకటి బడికిస్తే, అసలు శిలాజం భద్రంగా ఉంటుంది, నకలు వెయ్యి చేతులు మారుతుంది.

ఈ పనిలో ఇచ్చేది శాస్త్రజ్ఞుడు, పుచ్చుకొనేది బడి అనే అభిప్రాయం చాలామందిలో ఉన్నది. అమెరికాలో జరిగిన ఒక సంఘటన దీనిని తలకిందులు చేసింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పనామా కాలువను వెడల్పు చేస్తున్న రోజులలో అక్కడ బయటపడిన శిలాజాల త్రవ్వకాలకు బడి ఉపాధ్యాయులను వెంటబెట్టుకొని వెళ్లారు. తరగతిలో వాడదగిన పాఠాలను వారితో కలిసి తయారుచేశారు. అట్టి పాఠాలలో ఒకటి, ఎన్నడో అంతరించిన మెగలోడన్ అనే బ్రహ్మాండమైన సొరచేపను గురించినది. ఆ చేపది అస్థిపంజరం దొరకదు. పళ్లు మాత్రం దొరుకుతాయి. పంటి ఎత్తునుబట్టి చేప పొడవు కట్టే సూత్రాలు శాస్త్రగ్రంథాలలో ఉన్నాయి. 2015లో పరిశోధక విద్యార్థి విక్టర్ పెరెజ్ ఒకే చేపకు చెందిన పళ్ల నకళ్లను హైస్కూలు పిల్లలకు పంచి, లెక్క కట్టమన్నాడు. ఒకే చేప గదా, అందరికీ ఇంచుమించు ఒకే జవాబు రావాలి. ఒకరికి 40 అడుగులు వచ్చింది. ఇంకొకరికి 148 అడుగులు!

పెరెజ్ బల్లబల్లకూ తిరిగాడు. సూత్రం తప్పు వేశారా, కొలమానం మార్చడం మరచారా అని పిల్లల లెక్కలు సరిచూశాడు. తప్పు పిల్లలది కాదు. సూత్రాలదే. నోటిలో పన్ను ఉన్న స్థానాన్నిబట్టి జవాబు మారిపోతున్నది. అంతవరకు పండితులు ఆ సూత్రాలనే వాడుతూ వచ్చారు. ఫ్రాన్స్‌లో ఉన్న ఒక అభిరుచిగల సేకర్త, ఎత్తును వదలి పళ్ల వెడల్పును చూడమని సలహా ఇచ్చాడు. ఆ దారిన కొత్త పద్ధతి ఏర్పడింది. ఆ చేప సుమారు 65 అడుగుల వరకు పెరిగి ఉండవచ్చునని 2021లో ప్రకటించారు. ఆ వ్యాసానికి బీజం ఒక తరగతి గదిలో పడింది.

ఇంతకూ తెలుగునాట సంగతి ఏమిటి? ప్రాణహిత, గోదావరి లోయ ఈ విషయంలో ప్రపంచ ప్రసిద్ధమైనది. 1950ల చివర మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారత గణాంక శాస్త్ర సంస్థకు పామెలా రాబిన్‌సన్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞురాలు వచ్చారు. ఆమె ప్రోత్సాహంతో ఆ సంస్థవారు ఈ లోయలో అన్వేషణ ప్రారంభించారు. పోచంపల్లి అనే గ్రామం వద్ద సుమారు మూడువందల ఎముకలు త్రవ్వితీశారు. ఒక తొడ ఎముక పొడవు 1.7 మీటర్లు! బెంగాలీలో 'బరా పా' అంటే పెద్ద కాలు. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం. ఈ రెంటినీ కలిపి 1975లో ఆ జంతువుకు 'బరాపాసారస్ టాగోరీ' అని పేరు పెట్టారు. అది ఇప్పుడు కోల్‌కతాలో నిలబడి ఉన్నది. తెలంగాణలోని యామన్‌పల్లి వద్ద దొరికిన మరొక దానిని భూగర్భ సర్వేక్షణ శాస్త్రజ్ఞుడు యాదగిరి 1988లో 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని ప్రకటించాడు. దాని అస్థిపంజరం హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో ఉన్నది. సెలవులకు నగరానికి వచ్చిన పిల్లలు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఒక పల్లె పేరు లాటిను వేషంతో ఆ జంతువు పేరులో ఉన్నదని ఎందరు గమనిస్తారో!

మనదేశపు భూగర్భ వారసత్వ స్థలాల రక్షణకు ఉద్దేశించిన ఒక బిల్లు ముసాయిదాను కేంద్ర గనుల మంత్రిత్వ శాఖ 2022 డిసెంబరులో ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది. చట్టం మంచిదే. కాని ప్రతి వాగు గట్టునా ఒక కావలివానిని నిలబెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ధార్‌లో గుడ్లను కనిపెట్టుకొని ఉన్నది సెలవులలో తిరిగే ఒక భౌతికశాస్త్రపు పంతులు, ఆయన మిత్రులు. ఆ పంతులు మరో జిల్లాకు బదిలీ అయితే ఏమవుతుందన్న ప్రశ్నకు ఏ కార్యాలయంలోనూ జవాబు వ్రాసిపెట్టిలేదు.

గోదావరి లోయలో వానలు వెలిసిన తరువాత వాగుల ఒడ్లు విరిగిపడుతుంటాయి. ఎర్రమట్టిలోనుంచి తెల్లగా ఏదైనా పొడుచుకొని వస్తే, మొదట చూసేవాడు మేకల కాపరి. సాయంత్రానికి ఆ కబురు వాడి తమ్ముడితో బడికి చేరుతుంది. 1956లో చార్న్‌వుడ్ బాలిక తెచ్చిన కబురువంటిదే అదికూడ. మాస్టరుగారు అప్పుడు ఎవరికి ఫోను చేయాలి?